చలిదేశానికి బండి కట్టే పిల్లలకు

అనంతపురం నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి చీనీ (బత్తాయి) కాయలు, అక్కడ దొరికిన లోడు ఎత్తుకుని జమ్మూ, శ్రీనగర్, తిరుగులో ఆపిల్. నా బతుకు చాలామటుకు ఈ దారిలోనే గడిచింది. మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా, ఆపైన సొంత బండితో. ఇప్పుడు స్టీరింగు పట్టడం లేదు. మా వీధి కుర్రాళ్లు కొందరు కొత్తగా ఆ దారి పడుతున్నారు. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే అటు శ్రీనగర్ దాకా, ఇటు కన్యాకుమారి దాకా ఉంది కదా, అదే రోడ్డు, అదే బండి, ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముందని వాళ్లకు అనిపిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ రోడ్డు తీరే వేరు.

ఉత్తరాదికి చలికాలంలో పోయే బండికి ఆలస్యం కూడా ఒక ఖర్చు. డీజిల్, టోల్, బత్తా లాగా దాన్ని బయలుదేరక ముందే లెక్కలో రాసుకోవాలి. రాసుకోకపోతే అది డ్రైవరు నిద్ర మీద, చివరికి ప్రాణం మీద పడుతుంది. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

1. పొగమంచు రాత్రి నడిపి సంపాదించే గంటలు ఏమీ ఉండవు

గ్వాలియర్ దాటి ఆగ్రా దారి పడితే పొగమంచు మొదలవుతుంది. అక్కడి నుంచి ఢిల్లీ, పానిపట్, అంబాలా, జలంధర్ వరకు డిసెంబరు నడుమ నుంచి జనవరి ఆఖరు దాకా అదే పరిస్థితి. గోధుమ చేలకు నీళ్లు పారుతుంటాయి. రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది, గాలి కదలదు. నేల చల్లబడేసరికి దాని మీది తేమంతా పొగమంచై కూర్చుంటుంది. వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్ల కంటే తక్కువ దూరం కనిపిస్తే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపైతే అతి దట్టం. 50 మీటర్లంటే నాలుగు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆపినంత. గంటకు 60 కిలోమీటర్ల మీద పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని కంటికి ఆని, కాలు బ్రేకు మీదికి పోయేలోపే అందులో సగం అయిపోతుంది. లోడు బండి నిలబడడానికి మిగిలిన సగం ఏ మూలకు?

యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా పెద్ద బండ్ల వేగం 80 నుంచి 60కి తగ్గిస్తారు. నన్నడిగితే అతి దట్టమైన మంచులో ఆ 60 కూడా చాలా ఎక్కువ. ఆ పూట బండి కదలకపోవడమే మేలు.

నేను పెట్టుకున్న వేళలు చెబుతాను. రాత్రి పది దాటాక మంచు చిక్కబడుతుంది, తెల్లవారుజామున మరీ ముద్దగా ఉంటుంది, ఉదయం తొమ్మిది పది గంటలకు గానీ విడవదు. అందుకని పదకొండుకు బండి తీసి, చీకటిపడ్డ రెండు గంటల్లోపు ఏదో ఒక పెద్ద ఢాబా చూసుకుని లోపలికి తిప్పేసేవాణ్ణి. అంటే మామూలుగా రోజుకు నడిపే దూరంలో సగం. ఆ సగాన్ని ముందుగానే లెక్కవేసి సేటుకు చెప్పేవాణ్ణి.

ముందుపోయే బండి ఎర్రలైటు పట్టుకుని వెంబడి పోవడం చాలామంది చేసే పని. అతనికీ దారి కనిపించడం లేదని మరిచిపోతాం. అతను ఆగిపోయిన బండికి కొడితే వెనకున్న మనం వెళ్లి అతనికి కొడతాం. ఇంకొకటి, అది చెరకు గానుగ ఆడే కాలం. పంజాబ్‌లో, పడమటి ఉత్తరప్రదేశ్‌లో ట్రాక్టరు ట్రాలీల మీద చెరకు రెండు పక్కలా రోడ్డు మీదికి వేలాడేటట్టు నింపుకుని పోతారు. వెనక లైటు ఉండదు, ఉన్నా చెరకు ఆకు కప్పేసి ఉంటుంది. పొగమంచులో అది బానెట్టు ముందుకు వచ్చేదాకా తెలియదు. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. డిమ్ వేసుకుని, పక్క అద్దం నాలుగు వేళ్లు దించి, పాటలు ఆపేసి చెవులు రోడ్డు మీద పెట్టాలి.

2. ఆగితే రోడ్డు పూర్తిగా దిగి ఆగండి

మంచులో నడుస్తూ కొట్టుకున్న బండ్ల కంటే, రోడ్డు అంచున ఆగిన బండికి వెనక నుంచి వచ్చి కొట్టినవే నేను ఎక్కువగా చూశాను. టైరు మార్చాలన్నా సరే, ఒకటికి వెళ్లాలన్నా సరే, ఢాబానో, పెట్రోలు బంకో, వే బ్రిడ్జో దొరికేదాకా నెమ్మదిగా లాగండి. బండి చచ్చినా కదలనంటే త్రికోణం బోర్డు చాలా దూరం వెనక్కి పెట్టాలి. బండి పక్కన నిలబడకుండా రోడ్డు దిగి చేనులోకి వెళ్లి నిలబడండి. వెనక లైట్ల మీద, మెరిసే స్టిక్కర్ల మీద బురద పేరుకుంటుంది. ఆగిన ప్రతిచోటా ఒక తడిగుడ్డ వేయండి.

3. క్యాబిన్‌లో కుంపటి వద్దు

ఇది అన్నిటికంటే గట్టిగా చెబుతున్నాను, నాయనా.

పఠాన్‌కోట్ దాటాక ఢాబాల ముందు బొగ్గుల కుంపట్లు కనిపిస్తాయి. చుట్టూ కూర్చుని చేతులు కాచుకుంటే ప్రాణం లేచి వస్తుంది. పడుకునే వేళకు ఆ కుంపటినే క్యాబిన్‌లోకి ఎత్తుకుపోతారు. చలి దూరకుండా అద్దాలు బిగిస్తారు. పొగ ఆగిపోయింది, బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, ఇంక భయం లేదనుకుంటారు. పొగ లేకపోయినా ఆ బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. దగ్గు రాదు, కళ్లు మండవు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రానివ్వకుండానే ప్రాణం తీస్తుంది.

ఉదంపూర్ దగ్గర ఒక తెల్లవారుజామున మా పక్కన ఆగిన బండి తలుపు ఎంత బాదినా తీయలేదు. లోపల టేపు రికార్డరు మాత్రం మోగుతోంది. ఇనుప రాడ్డుతో అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశాం. డ్రైవరూ క్లీనరూ ఒకే రగ్గు కింద పడుకుని ఉన్నారు. ఇద్దరి మధ్యన, కాళ్ల దగ్గర కుంపటి. బూడిద కింద ఇంకా నిప్పు ఉంది. కిందికి దింపి గాలికి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్రైవరు సాయంత్రానికి తేరుకున్నాడు. క్లీనరు కుర్రాడు దక్కలేదు. పెద్దగా చదువుకోలేదు గానీ మంచి పనిమంతుడని డ్రైవరు ఏడుస్తూ చెబుతూనే ఉన్నాడు.

ఇంజను ఆన్‌లో పెట్టుకుని పడుకోవడం కూడా ఇలాంటిదే. మంచు పడి సైలెన్సరు చుట్టూ పేరుకుంటే ఆ పొగ బయటికి పోదు. ఆగిన చోటల్లా ఆ మంచును తవ్వి తీయాలి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. మన ఎండలకు అది గొప్ప మేలు. పాత బండిలో కాశ్మీరు చలికి మాత్రం రగ్గులే దిక్కు. మనిషికి రెండు మందపాటి రగ్గులు, ఉన్ని టోపీ, పొడి మేజోళ్లు రెండు మూడు జతలు. ఒళ్లు బాగా వణుకుతుంటే ఢాబా లోపల గదో, మంచమో తీసుకోండి. ఆ డబ్బు ఓనరు ఇవ్వాలి. ఇవ్వనన్న ఓనరు దగ్గర ఆ దారికి ఒప్పుకోకండి.

4. మన డీజిల్ అక్కడి చలికి చేసింది కాదు

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలి ముదిరితే అది విడివడి గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. రాత్రి బాగానే ఆపిన బండి తెల్లవారి స్టార్ట్ కాదు, అయినా నాలుగు గజాలు పోయి ఆగిపోతుంది. ఫిల్టరు విప్పితే తెల్లటి ముద్ద చేతికి అంటుకుంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం వేసవి రకం డీజిల్ 18 డిగ్రీల వరకు, చలికాలపు రకం 6 డిగ్రీల వరకు ఫిల్టరు దాటగలిగితే సరిపోతుంది. బంకులో దొరికే సరుకు అంతకంటే ఎక్కువ చలినే తట్టుకుంటుంది గానీ, దానికీ ఒక హద్దుంది. 2024 డిసెంబరు 20 రాత్రి శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు పడింది.

అందుకని ఇక్కడ పోసిన డీజిల్‌ను పంజాబ్ చేరేసరికి అడుగంటనిచ్చి, అక్కడి బంకుల్లో ట్యాంకు నింపేవాళ్లం. పైకి పోయేకొద్దీ అక్కడి డీజిలే కలుపుకుంటూ పోవాలి. లడఖ్ కోసమైతే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది. అంతకు ముందు అక్కడి డ్రైవర్లు డీజిల్‌లో కిరోసిన్ కలిపేవాళ్లు. మీ బీఎస్-6 బండ్లలో ఆ పని చేయకండి, ఇంజెక్టర్లు పోతాయి. బీఎస్-6 బండికి ఇంకొక కొత్త సంగతి ఉంది. యూరియా ట్యాంకులో ఉండే ద్రవం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కరిగాక మళ్లీ మామూలుగానే పనిచేస్తుంది, కంగారుపడి వేడినీళ్లూ ఉప్పూ అందులో పోయకండి.

ట్యాంకు కింద మంట పెట్టడం నేను కళ్లారా చూశాను. ఎవరు చేస్తున్నా సరే, మీ బండి తీసుకుని దూరంగా జరగండి. ఫిల్టరు మీద, పైపు మీద వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, ఓపిగ్గా కూర్చుంటే అదే కరుగుతుంది.

5. బ్రేకు గాలిలో నీళ్లు ఉంటాయి

కంప్రెసరు గాలితో పాటు తేమను కూడా లాగుతుంది. ఆ నీళ్లు ఎయిరు ట్యాంకు అడుగున చేరతాయి. మన దగ్గర పెద్దగా పట్టించుకోం. అక్కడ అవి పైపుల్లో, వాల్వుల్లో గడ్డకడితే బ్రేకు పట్టదు, లేదా పట్టింది వదలదు. ప్రతి సాయంత్రం బండి ఆపగానే ట్యాంకు అడుగు వాల్వు లాగి నీళ్లు పోయేదాకా వదలాలి. ఎయిరు డ్రయ్యరు ఉన్న బండైనా ఇది మానకండి. తడిలో నడిపి వచ్చి హ్యాండు బ్రేకు వేసి పడుకుంటే తెల్లవారేసరికి లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోతుంది. చదునైన చోట ఆపుకుని, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేసుకోండి.

నల్లటి రోడ్డు మీద కంటికి ఆనని మంచుపొర ఉంటుంది. అక్కడ ఖాళీ బండి లోడు బండి కంటే ఎక్కువ జారుతుంది. ఖాళీగా దిగేటప్పుడు ఎగ్జాస్టు బ్రేకు నొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరగొచ్చు. చైన్లు వేసుకుని, చిన్న గేరులో, కాలు క్లచ్ మీదికి పోనివ్వకుండా దిగాలి.

6. చలి మనుషులకే కాదు, సరుకుకూ పడుతుంది

తాడిపత్రి, పులివెందుల పక్క నుంచి అరటి ఎత్తుకుని ఢిల్లీ పోయేవాళ్లు ఇది బాగా తెలుసుకోవాలి. 13 డిగ్రీల కంటే కిందికి పోతే అరటి తొక్క నల్లబడుతుంది, ఆ తర్వాత ఎంత మాగబెట్టినా సరిగా పండదు. దించేటప్పుడు ఆ నలుపు బయటపడక పచ్చగానే ఉంటుంది, రెండు రోజుల తర్వాత సేటు ఫోన్ చేసి డబ్బు కోస్తానంటాడు. కింద, పక్కలా వరిగడ్డి మందంగా పరిచి, పైన రెండు పట్టాలు కట్టి, చలి గాలి దూరే సందు లేకుండా తాళ్లు బిగించాలి. ఎక్కడ ఆపినా పట్టా మీద పడ్డ మంచునీళ్లు దులపాలి. చీనీ కాయ కాస్త ఓర్చుకుంటుంది. ఆపిల్ చలికి పుట్టిన పండే అయినా సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు కిందికి పోతే లోపల గడ్డకట్టి, కరిగాక మెత్తబడిపోతుంది.

7. రాంబన్ దగ్గర ఎదురుచూడటం పనిలో భాగమే

కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. అన్నిటికంటే గట్టి చలి అప్పుడే. పూర్వం ఆపిల్ అంతా నవంబరుకే దిగిపోయేది. ఇప్పుడు పుల్వామా పక్క లస్సీపొరా లాంటి చోట్ల పెద్ద కోల్డ్ స్టోరేజీలు వచ్చాక, చలికాలం నడుమ కూడా లోడు దొరుకుతోంది. అందుకే మన బండ్లు ఆ రోజుల్లోనే ఎక్కువగా చిక్కుకుంటున్నాయి.

జమ్మూ, శ్రీనగర్ మధ్య దూరం 200 కిలోమీటర్ల పైచిలుకు. మంచి రోజున ఒక పూట పని. మంచు పడితే, వాన పడితే రాంబన్, బనిహాల్ మధ్య కొండ జారుతుంది. పైన మంచు కరిగినప్పుడు రాళ్లు దొర్లుతాయి. అప్పుడు పోలీసులు పెద్ద బండ్లను ఇటు ఉదంపూర్ దగ్గర జఖేనీలో, అటు కాజీగుండ్‌లో ఆపేస్తారు. దారి తెరిచాక కూడా ఒక రోజు ఒక వైపు నుంచే వదులుతారు. ముందు మనుషులున్న బండ్లు, తర్వాత పాడయ్యే సరుకు, ఆ తర్వాతే మిగతావి. 2021 జనవరి 10న రాంబన్ పక్క కేలా మోడ్ దగ్గర రోడ్డు కింది గోడ కూలింది. సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్లు ఆ గడ్డకట్టే చలిలోనే వారం రోజుల్లో బెయిలీ బ్రిడ్జి కట్టి దారి ఇచ్చారు. వాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

అక్కడ వరసలో నిలబడ్డప్పుడు చేయకూడని పని ఒకటే, పక్క నుంచి దూరిపోయి రెండో వరస కట్టడం. ఎదురుగా వచ్చే మంచు తోసే యంత్రానికి, అంబులెన్సుకు దారి లేకుండా చేసేది అదే. రోడ్డు ఒక గంటలో తెరుచుకోవాల్సింది ఆ రాత్రంతా మూసుకుపోతుంది. బండిలో బియ్యం, పప్పు, చిన్న స్టవ్వు, నీళ్లు, నాలుగు రోజులకు సరిపడా మందులు పెట్టుకోండి. స్టవ్వు బయటే వెలిగించండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రలు తక్కువగా తెచ్చుకుని అక్కడ పడ్డ బాధ నేను చూశాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేడి వేడి అన్నం, రాజ్మా వండుకొచ్చి ఏ ఊరని కూడా అడక్కుండా పెడతారు. మన భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష మనకు రాదు. ఆకలి తెలుస్తుంది.

మరొక నష్టం బయటికి కనపడదు. దారి తెరుచుకోగానే చిక్కుకున్న బండ్లన్నీ ఒకేసారి కిందికి దిగుతాయి. ఆజాద్‌పూర్‌లోనైనా, హైదరాబాద్ బాటసింగారంలోనైనా ఒకే రోజు అన్ని లోడ్లు వచ్చి పడితే ధర పడిపోతుంది. పండు పాడవకపోయినా రైతు మునుగుతాడు. ఆ కోపం చివరికి డ్రైవరు మీద చూపిస్తారు. ఎవరిది తప్పు? కొండ జారింది.

8. టన్నెలు బయట వాతావరణం వేరుగా ఉంటుంది

మా కాలంలో బనిహాల్ ఎక్కాలంటే 1956లో తెరిచిన జవహర్ టన్నెలే గతి. దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు. ఆ ముఖద్వారం దగ్గరే 2019 ఫిబ్రవరిలో మంచు చరియ పడి పోలీసు పోస్టు కప్పుకుపోయింది. ఇప్పుడు దానికి దాదాపు 400 మీటర్లు దిగువన, ఎనిమిదిన్నర కిలోమీటర్ల కొత్త టన్నెలు 2021 నుంచి వాడుకలో ఉంది. కట్టింది హైదరాబాద్‌కు చెందిన నవయుగ కంపెనీ. అక్కడివాళ్లు దాన్ని నవయుగ టన్నెలనే పిలుస్తారు. ఆ పేరు మొదటిసారి ఒక కాశ్మీరీ డ్రైవరు నోట విన్నప్పుడు నా ఛాతీ ఉప్పొంగింది. 2017లో వచ్చిన చెనాని-నాష్రీ టన్నెలుతో పట్నీటాప్ మంచు ఎక్కే పని తప్పింది. సోనామార్గ్ టన్నెలు 2025 జనవరిలో తెరిచారు, దాని అవతల జోజిలా టన్నెలు మన మేఘా కంపెనీ వాళ్లే కడుతున్నారు.

ఇన్ని సౌకర్యాల మధ్య ఒక జాగ్రత్త. లోపల రోడ్డు పొడిగా, వెచ్చగా ఉంటుంది, కాలు తెలియకుండానే యాక్సిలేటరు మీద బరువెక్కుతుంది. బనిహాల్ వైపు వాన పడుతున్నప్పుడు కాజీగుండ్ వైపు మంచు కురుస్తూ ఉండొచ్చు. వెలుతురు కనపడగానే వేగం తగ్గించండి.

9. కాగితాలు కూడా చలిలో చిక్కుకుంటాయి

పండ్లకు, కూరగాయలకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. మిగతా సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. జమ్మూలో ఎక్కించి శ్రీనగర్‌లో దించే సరుకుకు రెండు రోజులే. జఖేనీలో వరసలో ఉండగానే ఆ బిల్లు చచ్చిపోతుంది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు. ప్రకృతి వైపరీత్యం అన్న కారణం ఆ పొడిగింపు ఫారంలోనే ఉంటుంది. ఆ సమయం దాటితే జరిమానా. అక్కడ సిగ్నలు ఉంటుందని నమ్మకం లేదు, అందుకని ఈ పని ఆఫీసులో కూర్చున్నవాళ్లు చేయాలి, డ్రైవరు నెత్తిన పెట్టకూడదు.

2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం ప్రకృతి వైపరీత్యంతో పోయిన సరుకుకు రవాణాదారు బాధ్యుడు కాడు. అయితే జాగ్రత్తపడితే తప్పేదని తేలితే మాత్రం తప్పించుకోలేడు. అందుకని వరసలో ఆగిన చోట తేదీ, వేళ పడేటట్టు ఫొటోలు తీయండి. పోలీసులు పెట్టిన నోటీసు కూడా ఫొటో తీసుకోండి. లోడు దించేచోట బిల్టీ (లోడు రసీదు) వెనక చేరిన తేదీ, వేళ రాయించుకుని సంతకం తీసుకోండి.

కిరాయి మాట్లాడేటప్పుడే ఈ మాట తేల్చుకోవాలి: దారి మూసుకుపోతే రోజుకు హాల్టింగ్ ఎంత, అది ఎవరిస్తారు, అందులో డ్రైవరుకు, క్లీనరుకు బత్తా ఎంత. బ్రోకరు "అదంతా తర్వాత చూసుకుందాంలే" అంటాడు. తర్వాత ఎవరూ చూడరు. ఒకసారి ఒక పెద్ద వ్యాపారి, దారి మూసి ఉన్నన్ని రోజులకూ హాల్టింగ్ ఇవ్వకపోగా, ఆలస్యమైందని కిరాయిలోనే కోత పెట్టాడు. ఆ నెల బండి కంతు కట్టడానికి ఇంట్లో బంగారం తాకట్టుకు పోయింది. అప్పటి నుంచి రాసి ఇవ్వనివాడి లోడు చలికాలంలో ఎత్తలేదు. లోడు దొరక్క కొన్ని రోజులు ఖాళీగా ఉన్నాను, అయినా ఎత్తలేదు.

10. ఓనర్లకు, ఇంట్లోవాళ్లకు

శ్రీనగర్ దాకా రైలు పడింది. 2025లో అనంతనాగ్‌కు సిమెంటు రైలు వచ్చింది, బడ్గాం నుంచి ఢిల్లీకి ఆపిల్ పార్సిల్ రైలు నడిపారు. దాంతో లారీల పని పోతుందని కొందరు భయపడుతున్నారు. నాకు సంతోషంగానే ఉంది. చిల్లై కలాన్‌లో పాడయ్యే సరుకు ఎంత రైలెక్కితే, కొండ కింద రాత్రుళ్లు గడిపే పిల్లలు అంత తగ్గుతారు. తోట నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి మండీకి ఎటూ లారీయే కావాలి.

అప్పటిదాకా ఒకటి చేయండి. బండి ఎక్కడుందో ఇప్పుడు మీ ఫోనులోనే చుక్కలాగా కనిపిస్తోంది. ఆ చుక్క రాత్రిపూట కదలడం లేదని ఫోన్ చేసి "ఎందుకు ఆపావు?" అని అడగకండి. అలా అడిగితే పడుకున్నవాడు లేచి, కళ్లు నులుముకుని మంచులోకి బండి తీస్తాడు. రాత్రి పదకొండుకు ఆ చుక్క ఇంకా కదులుతుంటే మాత్రం వెంటనే చేయండి, ఢాబా చూసుకుని ఆపమని చెప్పండి. లోడు గురించి మాట్లాడాల్సింది ఉదయం పది దాటాక మాట్లాడుకోవచ్చు.